పేరు మారిన తట్టలు

ఇన్‌స్పెక్టర్ భీమరావు పెన్‌డ్రైవ్‌ను టేబుల్ మీద వేలితో ముందుకు తోశాడు, అన్నంలో వచ్చిన రాయిని విస్తరి అంచుకు తోసినట్టు.

"ఇదో, నీ కేసు ఈడికి అయిపాయ. మూడొందల పన్నెండు ఫోటోలు. తీరిగ్గా సూసుకో. సూసుకున్నాక ఇంటికి పో తల్లీ. పెండ్లయి మూడు వారాలే అంట కదా, మొగునికి ఇంత సంగటి గెలికి పెట్టు."

"సంగటి మా ఇంట్లో ఆయనే గెలుకుతాడు సార్," అంది వసుధ. "నాకన్నా నున్నగా గెలుకుతాడు. పని మాట్లాడదామా?"

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ నవ్వు దాచుకోలేక దగ్గాడు. భీమరావు ఒక్క చూపు చూసేసరికి ఆ దగ్గు గొంతులోనే ఆగిపోయింది.

బుధవారం, పదకొండో తేదీ. ఉదయం ఎనిమిదీ నలభై. మదనపల్లెలో భీమరావు ఆఫీసు. మధ్యాహ్నం ఒంటి గంటకు ప్రకాష్ బాబును హత్య కేసులో జడ్జి గారి ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలే. అంటే వసుధ చేతిలో ఉన్నది నాలుగు గంటలా ఇరవై నిమిషాలు. బెంగళూరులో అయిదేళ్లు డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసి, పెళ్లి చేసుకుని సొంత ఊరికి వచ్చాక ఇది ఆమె మొదటి కేసు. ఒప్పుకున్నది నిన్న సాయంత్రం. ప్రకాష్ బాబు అక్క హన్నా, మిషన్ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ బట్టలతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "మా తమ్ముడు చీమను కూడా పక్కకు జరిపి నడుస్తాడు మేడమ్," అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే వసుధను కదిలించింది.

కేసు చూడ్డానికి చిన్నది. పుంగనూరు దాటాక పొలాల్లో ఒక చాకీ కేంద్రం ఉంది. పట్టుపురుగుల గుడ్లను పొదిగించి, పసిపురుగులను తొమ్మిది పది రోజులు పెంచి రైతులకు ఇచ్చే చోటు అది. సోమవారం తొమ్మిదో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి దాని యజమానురాలు నాగరత్నమ్మ తన ఆఫీసు గదిలో తల వెనక దెబ్బతో చనిపోయి కనిపించింది. పోయిన వేళ పదకొండుకూ పన్నెండుకూ మధ్య అని డాక్టరు తేల్చాడు. పదకొండూ ఇరవైకి ఆ షెడ్డు ముందు ప్రకాష్ బాబు స్కూటర్ కనిపించింది. మదనపల్లెలో ఫోటో స్టూడియో నడుపుకునే ప్రకాష్ బాబు మంగళవారం లాకప్పులో పడ్డాడు.

ఆమె పోతే షెడ్డు ఎవరి చేతికి వస్తుంది? మరిది చెంగల్రాయుడి చేతికి. కానీ ఆ వేళకు చెంగల్రాయుడు కుప్పంలో ఉన్న తమ రెండో షెడ్డులో ఉన్నాడట. పుంగనూరు నుంచి కుప్పానికి ఎంత తోలినా గంటన్నరకు పైనే పడుతుంది. అందుకు సాక్ష్యమే ఈ పెన్‌డ్రైవ్.

వసుధ తన లాప్‌టాప్‌లో ఫోటోలు తెరిచింది. పురుగుల తట్టలు. ఒక్కో తట్ట పక్కన నంబరు పలక పట్టుకున్న చెయ్యి. ప్రతి పది ఫోటోల్లో ఒకదానిలో చెంగల్రాయుడే తట్ట పక్కన నిలబడి పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు. ప్రతి ఫోటో పేరులో ఊరు, తేదీ, వేళ ఉన్నాయి. కుప్పం, తొమ్మిదో తేదీ, పది గంటల సున్నా నిమిషాలు అని మొదలై, ఒంటి గంటా ఒక నిమిషం ఇరవై అయిదు సెకన్ల దగ్గర ఆగాయి.

"ఇవి వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు సార్. కెమెరా లోపల రాసుకునే వేళ వాట్సాప్ దాటేసరికి తుడిచిపెట్టుకుపోతుంది. ఇక మిగిలింది పైన పెట్టిన పేరే."

"పేరు సాలదా? పేరు సూసే కదా మనిషిని పిలుస్తాము."

"ఫోటోకీ ఫోటోకీ మధ్య ఎంతుందో చూశారా?"

"ఏమో. ఉంటాది అరనిమిషం."

"ముప్ఫై అయిదు సెకన్లు. మొదటిదానికీ రెండోదానికీ అంతే. నూరోదానికీ నూట ఒకటోదానికీ అంతే. మూడు గంటల పాటు ఒక్క సెకను అటూ ఇటూ కాలేదు. ఆ మనిషి నీళ్లు తాగలేదా? తుమ్మలేదా? పలక చెయ్యి జారలేదా? ఇవి చేత్తో పెట్టిన పేర్లు కావు సార్. మూట మూటగా ఫైళ్ల పేర్లు మార్చే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. మొదటి వేళ చెప్పి, ఎంతెంత పెంచాలో చెప్పి ఒక్క నొక్కు నొక్కితే మూడు వందల ఫోటోలకూ అదే పేర్లు పెట్టేస్తుంది. తేదీ కూడా మనం ఏది చెప్తే అదే."

భీమరావు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "నాకు కంప్యూటర్ పాఠాలు సెప్తాండావా? నా సర్వీసంత వయసు లేదు నీకు!"

"వయసుతో పనేముంది సార్? ఒకసారి తెరిచి చూసి ఉంటే చాలు. మీరు తెరిచి కూడా చూడలేదు!"

ఆమె గొంతు తనకే తెలియకుండా పైకి లేచింది. ఒక మనిషి బతుకంతా ఈ పెన్‌డ్రైవ్ మీద వేలాడుతుంటే, ఈయన దాన్ని తీర్పులా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"అయిదు నిమిషాలు ఇస్తాండాను, వానితో మాట్లాడుకో," అన్నాడు భీమరావు పళ్ల మధ్య నుంచి. "ఒంటి గంటకు నా దారి నాది."

ప్రకాష్ బాబు ఇరవై ఆరేళ్ల మనిషి. రెండు రోజుల గడ్డం. అద్దాలు తీసేసుకున్నారేమో, వసుధ వైపు కళ్లు చికిలించి చూశాడు.

"సోమవారం అక్కడికి యాల పోయినావు?"

"నాగరత్నమ్మక్క ఫోన్ చేసినాది మేడమ్. పది యాభైకి. పాత బ్యాచ్‌ల ఫోటోలన్నీ ఎత్తుకోని రమ్మనె. నేను పోతే తలుపు మూసుండె. కొట్టినా, పిలిసినా, ఎవురూ పలకలా. వాపస్ వచ్చేస్తి."

"పాత ఫోటోలు ఎందుకు?"

"ఒక తట్టకి మూల సెక్క ఎగిరిపోయుండాది మేడమ్. అదే తట్ట, అవే పురుగులు, మూడు బ్యాచ్‌ల ఫోటోల్లో వచ్చినాయంట. నంబరు మాత్రం మారుండాది. 'ఇదెట్ల ప్రకాషూ?' అని అడిగె. ఫోన్లోనే గొంతు వణకతాండె." అతను చువ్వలు పట్టుకున్నాడు. "ఆ పేర్లు మార్సే ప్రోగ్రాం వాళ్ల కంప్యూటర్లో పెట్టింది నేనే. ప్రతి రైతుకీ వాళ్ల తట్టల ఫోటోలు పంపాల కదా, చెంగల్రాయుడన్న ఒక్కోటి పేరు కొడతా కండ్లు పోగొట్టుకుంటాంటే పాపమని నేర్పిస్తి. దాంతో ఇట్ల చేస్తాడని నాకేం తెలుసు?"

వసుధ కళ్లకు బొమ్మ కట్టింది. రోగమొచ్చిన తట్టలు రైతుకు అంటగట్టి, వాటి బదులు ఎప్పుడో తీసిన మంచి తట్టల ఫోటోలకు కొత్త నంబర్లు తగిలించి పంపడం. చూసుకో రెడ్డీ, నీ పురుగులు ఎంత బాగున్నాయో! రైతు ఇంటికి తీసుకుపోయిన పదో రోజుకు పంటంతా నల్లబడి రాలిపోతుంది. తప్పు ఎవరిది? రైతుదే, సరిగ్గా మేపలేదు.

"ఇంకోటి మేడమ్," అన్నాడు ప్రకాష్ బాబు గొంతు తగ్గించి. "ఆ ప్రోగ్రాం చేసిన ప్రతి పనీ రాసి పెట్టుకుంటాది. పాత పేరు ఏంది, కొత్త పేరు ఏంది, ఎప్పుడు మార్సినారు, అన్నీ. తప్పు పడితే వెనక్కి తిప్పుకునేదానికి. అన్నకి ఆ సంగతి తెలవదు. సార్‌కి మంగళవారమే సెప్పినా. లెంపకాయ కొట్టె."

వసుధ బయటికి వచ్చేసరికి హన్నా బెంచీ మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలికి పంపలేదట.

"జైలు గడప తొక్కితే వాడు తిరిగి మనిషి కాడు మేడమ్. నాకు తెలుసు వాని సంగతి."

వసుధ క్యారియర్ ఆమె చేతిలోంచి తీసుకుని, నేరుగా కానిస్టేబుల్ దగ్గరికి పోయి అతని చేతిలో పెట్టింది. "ఇది లోపలికి పోకపోతే, రేపు నేను పేపర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ నంబరు కూడా చెప్తాను." క్యారియర్ లోపలికి పోయింది.

పుంగనూరు షెడ్డు చేరేసరికి పదీ అయిదు. దారిలో ఫోన్‌లో భర్త సాయికుమార్ మెసేజ్: ఊరిబిండి పచ్చడిలో ఉప్పు వేశానా లేదా గుర్తు లేదు, తిని చెప్పు. ఎర్రగా కోపంతో ఉన్న వసుధకు ఆ ఒక్క క్షణం పెదవులు విచ్చుకున్నాయి. బ్యాగులో ఆయన కట్టిచ్చిన దోశెల పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరో ఒక మనిషి పొద్దున్నే లేచి నీ కోసం చెనిగ్గింజలు వేయించాడంటే లోకం మరీ అంత చెడ్డది కాదనిపిస్తుంది. షెడ్డు గేటు తెరవగానే ఆ సంగతి మరిచిపోయింది.

చెంగల్రాయుడు నలభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. వదిన పోయి రెండు రోజులైన మొహం కాదు అది.

"రాండమ్మా, కాఫీ తాగుతారా?"

"వద్దప్పా. సోమవారం యాడుండారు మీరు?"

"కుప్పంలో. ఫోటోలు సూడలేదా?"

"చూసినాను. పది నుంచి ఒంటి గంట దాకా ముప్ఫై అయిదు సెకన్లకొకటి. మంచినీళ్లు కూడా తాగలేదే!"

"పని అంటే నేను మిషన్ లెక్క," అని నవ్వాడు.

"మీ ఒదిన చనిపోయిందని మీకు ఎప్పుడు తెలిసె?"

"పన్నెండుంబావుకి సిద్ధమ్మ ఫోన్ చేసినాది. షెడ్డులో పనిచేసే మనిషి. కాళ్లూ చేతులూ ఆడలేదనుకో."

"అప్పుడు మీరు ఫోటోలు తీస్తాండారు."

"ఆ... తీస్తాండా."

"మీ ఒదిన చచ్చిపోయిందని విన్నాక కూడా ఇంకా నలభై ఆరు నిమిషాలు, ఒక్క సెకను తప్పకుండా, తట్ట పక్కన నవ్వుకుంటా ఫోటోలు తీస్తానే ఉండారా?"

చెంగల్రాయుడి చెయ్యి తువ్వాలు మీద ఆగిపోయింది.

"అది... పనోడు తీసినాడు. నేను బయటికొచ్చి..."

"పనోని పేరు?"

"నీకెందుకమ్మే చెప్పల్ల?" నవ్వు తెగిపోయింది. "ఎవురు నువ్వు? పోలీసా? ఆ కిరస్తానోడి కాడ కూలి తీసుకోని నా ఇంటికొచ్చి నన్నే అడుగుతావా? శవం లేసిన ఇంట్లో?"

"శవాన్ని లేపింది ఎవరో అదే అడుగుతాండాను!"

ఇద్దరి గొంతులూ షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చాయి. చెంగల్రాయుడు ఫోన్ తీసి దూరంగా నడిచాడు. "సార్, ఎవురో ఆడమనిషి..." అన్న మాట మాత్రం ఆమెకు వినపడింది. తిరిగి వచ్చి కారు తాళాలు తీసుకున్నాడు.

"నాకు కుప్పంలో పనుండాది. పురుగులు జ్వరం లేసినాయి, ఆకు పడాల. నీతో మాట్లాడే తీరిక లేదు." షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. "సిద్ధమ్మా! ఒంటి గంట మేతకి మిట్ట తోటలో ఆకు కోసుకోని రా. ఈ తోట ఆకు ముదిరిపాయ."

పదీ ఇరవైకి కారు కదిలిపోయింది.

సిద్ధమ్మకు అరవై ఉంటాయి. మోచేతుల దాకా సున్నం పొడి. గుమ్మంలో చెప్పులు విడిపించి, కాళ్లు మందునీళ్లలో ముంచితే గానీ వసుధను లోపలికి రానివ్వలేదు.

"పసిబిడ్డలమ్మా ఇవి. బయటి దుమ్ము పడదు."

వసుధ లాప్‌టాప్‌ను ఆకు బుట్ట మీద పెట్టి, నూట ఇరవయ్యో ఫోటో తెరిచింది. తట్టలో పురుగులన్నీ తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. వాటి మీద తెల్లగా పొడి. ఆకు ముక్క ఒక్కటి లేదు.

"ఇది యాడిది?"

"కుప్పం షెడ్డు. సోమవారం పదకొండు దాటినాక తీసిందంట."

సిద్ధమ్మ ఒక నిమిషం చూసింది. తర్వాత ఇంకొకటి తిప్పమంది. ఇంకొకటి. ఆ తర్వాత వసుధ మొహంలోకి జాలిగా చూసింది.

"నీ సెవిలో ఎవురో పువ్వు పెట్టినారు తల్లీ. సోమవారం పదకొండుకు పురుగు గబగబా ఆకు నమల్తాండాది. ఇది జ్వరంలో ఉండే పురుగు."

"జ్వరమా? రోగమా?"

"రోగం కాదే! పాత తోలు వదిలేముందు పురుగు ఒక దినమంతా తల ఎత్తుకోని నిద్దర పోతాది. దాన్నే మేము జ్వరమంటాము. జ్వరంలో ఉండేదానికి ఎవురన్నా ఆకేస్తారా? సున్నం సల్లి, గాలి తగల్నిచ్చి, అట్లే వదిలేస్తాము. ఇది రెండో జ్వరం. మూడో తేదీ గుడ్లు పగిలె. ఏడున మొదటి జ్వరం లేసె. తొమ్మిది సాయంకాలం రెండో జ్వరం పడె. పదో తేదీ పొద్దంతా ఇట్లుండె, రాత్రికి లేసె."

"కుప్పంలో ఇంకో రకంగా ఉండదా?"

"యాల ఉంటాది? ఆడా ఈడా ఒకే గుడ్లు. ఒకే పొద్దు పగిలినాయి. ఆడా ఈడా ఒకే వేడి పెడతాము, ఫోన్లో అడిగి అడిగి. పెద్దమ్మే పెట్టిన కట్టుబాటు అది." సిద్ధమ్మ తట్ట అంచు సర్దింది. "సోమారం సాయంకాలం పెద్దమ్మను పోస్టుమార్టానికి ఎత్తకపోయినారు. పోలీసోళ్లు నన్ను లోపలికి రావద్దనిరి. పురుగు జ్వరం పడతాండాది నాయినా, ఇప్పుడు సున్నం సల్లకపోతే అన్నీ సచ్చిపోతాయి అని కాళ్లు పట్టుకుంటే వదిలినారు. ఏడుస్తా సల్లినా ఈ సేతుల్తోనే. మనిషి పోయినాదని పురుగు ఆగదు కదమ్మా. అది నాకు బాగా గురుతు. సోమారం సాయంకాలం. అంతకు ముందు ఒక్క తట్టలో కూడా సున్నం లేదు."

వసుధ కాసేపు ఆ తెల్లటి చేతులనే చూసింది. చెంగల్రాయుడు ఈ ఫోటోలను పదో తేదీన, హత్య జరిగిన మర్నాడు తీశాడు. పేర్లలో తొమ్మిది అని వేశాడు. పేరు మార్చగలిగాడు గానీ పురుగు నిద్రను ఒక రోజు వెనక్కి జరపలేకపోయాడు.

"ఈ మాట ఎవరికైనా చెప్పినావా అవ్వా?"

"నన్నెవురు అడిగినారు? పొద్దున్నే సిన్నప్ప చెంగల్రాయుడికే సెప్పినా. 'మంగళారం కుప్పంలో ఫోటోలు తీసి సోమారం తీసినానని పోలీసోళ్లకి సెప్పినావంట, యాలప్పా?' అని అడిగినా. మంగళారం ఫోటోలు తీయను కుప్పం పోతానని నాకు సెప్పే పోయె, సోమారం మాట నిన్న రాత్రి ఈడికొచ్చిన కానిస్టేబులు సెప్పినాడులే. సిన్నప్ప నేరుగా ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు." సిద్ధమ్మ గోనెసంచి భుజాన వేసుకుంది. "ఒంటి గంటకి మేత. పోయి ఆకు తెస్తా. నువ్వు ఈడే కూకో."

పదకొండూ ఇరవైకి జీపు గేటులోకి దూసుకొచ్చింది. ఆగకముందే భీమరావు దిగాడు.

"ఎవురు రమ్మన్నారు నిన్ను ఈడికి? నేరం జరిగిన సోటు ఇది! నీ మీద కేసు పెట్టి ఆ ప్రకాషు పక్కనే కూకోబెడతా!"

"నేరం జరిగిన చోటా?" వసుధ ఆఫీసు గది తలుపు వైపు చెయ్యి చూపింది. "దానికి తాళమేది సార్? మీ సీలు ఏది?"

"పంచనామా అయిపాయ. మంగళవారం పొద్దున తీసేసి, ఇంటోళ్లకి అప్పజెప్పినాము."

"ఇంటోళ్లంటే ఎవరు?"

భీమరావు టోపీ సర్దుకున్నాడు.

"చెంగల్రాయుడికి! చనిపోయిన ఆమె గది, ఆమె కంప్యూటర్, రెండో రోజు పొద్దునకల్లా ఆమె చావుతో లాభపడే మనిషి చేతిలో పెట్టేశారు! కంచె కాదు సార్ మీరు, గొర్రెల మందను తోలుకొచ్చి చేలో వదిలారు. ఆ అబ్బాయి లాకప్పులోంచి నిజం చెప్తే లెంపకాయ కొట్టారు. ఈయన కాఫీ ఇచ్చి అబద్ధం చెప్తే పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నారు!"

"నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకోను. పదకొండూ ఇరవై ఒకటి. ఒంటి గంట దాకా నా నోరు ఆ అబ్బాయిది."

కానిస్టేబుల్ జీపు స్టీరింగ్ మీదే తల వంచుకుని కూర్చున్నాడు. భీమరావు మెడ మీది ఎరుపు చెవుల దాకా పాకింది. వసుధ ఆ మాటల వేడి మీదే సిద్ధమ్మ చెప్పినదంతా చెప్పింది, జ్వరం, సున్నం, తేదీలు, ఒకటి విడవకుండా.

"ముసలిదాని మాటలు కోర్టులో నిలబడవు," అన్నాడు భీమరావు. అన్నాడే గానీ, ఈసారి గొంతులో బిగువు లేదు.

"నిలబడేది లోపలుంది. రండి. నేను కంప్యూటర్ ముట్టుకోను. రేపు నేనే ఏదో చేశానంటారు. మీ చేత్తో మీరే తెరవండి. పంచనామా మళ్లీ రాసుకోండి."

ఆఫీసు గదిలో నాగరత్నమ్మ కళ్లద్దాలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. నేల కడిగేశారు. కంప్యూటర్ వెలిగే ఉంది. పొద్దున ఎవరో వాడి ఆపకుండా వదిలేసినట్టు ఉంది. భీమరావు కుర్చీలో కూర్చుని, చూపుడు వేలొక్కటే చాచి, వసుధ చెప్పిన చోట నొక్కాడు. పేర్లు మార్చే ప్రోగ్రాం తెరుచుకుంది. పై వరుసలో 'చేసిన పనులు' అన్న చోట మళ్లీ నొక్కాడు.

వరుసలు పరుచుకున్నాయి.

పాత పేరు, కొత్త పేరు, మార్చిన రోజు, మార్చిన వేళ. ఆర్నెల్ల కిందటివి, మూడు నెలల కిందటివి. ఒకే మంచి తట్టల ఫోటోలు చౌడేపల్లె రైతు పేరున ఒకసారి, కలకడ రైతు పేరున ఒకసారి, కొత్త నంబర్లతో. నాగరత్నమ్మ కనిపెట్టింది ఇదే. ఆమె నోరు మూయించింది ఇదే.

"కిందికి," అంది వసుధ.

పదో తేదీ, మంగళవారం. మధ్యాహ్నం మూడూ నలభై రెండు. మూడు వందల పన్నెండు ఫైళ్లు. పాత పేరులో వాట్సాప్ తనంతట తాను వేసిన తేదీ పది. కొత్త పేరులో కుప్పం, తొమ్మిది, పది గంటల సున్నా నిమిషాలు. ఒక్కోదానికీ ముప్ఫై అయిదు సెకన్ల పెంపు.

భీమరావు ఆ వరుసను వేలితో తాకి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"మంగళవారం మూడూ నలభై రెండుకు ప్రకాష్ బాబు ఎక్కడున్నాడు సార్?"

"నా లాకప్పులో." మాట గొంతులోంచి పెకిలించినట్టు వచ్చింది. భీమరావు టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. "దొంగ నా కొడుకు! ఆరు గంటలకు ఆ పెన్‌డ్రైవ్ తెచ్చి, నా కాడ కూకోని ఏడిసినాడమ్మా! ముక్కు తుడుసుకోను నా తువ్వాలిచ్చినా!" ఫోన్ తీసి స్టేషనుకు కలిపాడు. "ఆ ప్రకాష్ బాబును యాడికీ కదిలించొద్దండి. కోర్టుకి నేను మాట్లాడతా. వాని అద్దాలు వానికియ్యండి. ఆ... అన్నం తిన్నాడా? వాళ్లక్కను లోపలికి పంపండి."

వసుధకు హన్నా మొహం కళ్ల ముందు కదిలింది. ఇక ఇంటికి పోయి ఊరిబిండిలో ఉప్పు లేదని సాయికుమార్‌ను ఏడిపించవచ్చు.

భీమరావు వేలు ఇంకా మౌస్ మీదే ఉంది. వరుసలు ఇంకొంచెం కిందికి జారాయి.

"ఇంకోటుండాదే," అన్నాడు.

పదకొండో తేదీ, బుధవారం. ఈ రోజు. ఉదయం ఏడూ యాభై. నూట నలభై ఫైళ్లు. పాతవి ఎప్పుడో నెల కిందటి ఫోటోలు, ఒకటి తెరిచి చూస్తే ఆకు నములుతున్న పురుగులవి. కొత్త పేర్లు: కుప్పం, పదకొండో తేదీ, పన్నెండు గంటల సున్నా నిమిషాలు. అక్కడి నుంచి ఒంటి గంటా ఇరవై ఒక నిమిషాల దాకా.

వసుధ ఆ వేళను రెండుసార్లు చదివింది. తర్వాత తెర మూలనున్న గడియారం చూసింది. పదకొండూ నలభై ఏడు.

"సార్," అంది. "పన్నెండు ఇంకా కాలేదు."

"అయితే?"

"ఇంకా రాని గంటలో కుప్పంలో ఉన్నానని పొద్దున్నే సాక్ష్యం తయారు చేసి పెట్టుకున్నాడు. పోయినసారి చంపాక పేర్లు మార్చాడు. ఈసారి ముందే మార్చుకున్నాడు. పన్నెండుకూ ఒంటి గంటన్నరకూ మధ్య..."

ఆమె గుమ్మం వైపు తిరిగింది. మంగళవారం తీసిన ఫోటోలని చెప్పగలిగే మనిషి ఈ షెడ్డులో ఒక్కరే. ఆ మాట పొద్దున్నే నేరుగా అతని మొహం మీదే అడిగేసిన మనిషి. అతనే దగ్గరుండి ఒంటరిగా తోటకు పంపిన మనిషి.

"అవ్వ ఫోన్ నంబరు! సిద్ధమ్మ నంబరు!"

గోడ మీద పనివాళ్ల నంబర్లు రాసిన అట్ట ఉంది. భీమరావు కొట్టాడు. రింగు పోయింది. షెడ్డు లోపల, ఖాళీ బుట్టల పక్కన, సున్నం డబ్బా మీద ఫోన్ మోగింది.

ఇద్దరూ ఒకేసారి బయటికి పరుగెత్తారు. కానిస్టేబుల్ ఉలిక్కిపడి జీపు తాళం తిప్పాడు.

"మిట్ట తోట యాడుండాది?" అని అరిచాడు భీమరావు.

"వచ్చిన దోవలోనే సార్, అర కిలోమీటరు," అన్నాడు కానిస్టేబుల్. "చెంగల్రాయుడు సార్ కారు ఆడే గట్టు కింద సెట్ల సాటున నిలబెట్టుండాది. వస్తా సూసినా. ఆయన కుప్పం పోలేదా సార్?"